ఊరి చరిత్ర మీద సభ పెట్టాలంటే: విషయం ఎంపిక నుంచి పాత ఫొటోల దాకా

ఊరి చరిత్ర మీద మేం పెట్టే సభలు చూసి, "మా ఊళ్లో కూడా ఇలాంటి సభ పెట్టాలనుకుంటున్నాం, ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి?" అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పేకంటే అంతా ఒకచోట రాసిపెడదామనిపించింది. మాది చీరాల వైపు కాబట్టి ఉదాహరణలన్నీ ఈ చుట్టుపక్కలవే. పద్ధతి మాత్రం ఏ ఊరికైనా పనికొస్తుంది.

ముందే ఒక మాట. వక్త మాట్లాడే అరగంట ఎర మాత్రమే. ఆ తర్వాత జనం నోరు విప్పే గంటే అసలు పని. కింద రాసిన ఏర్పాట్లన్నీ ఆ గంట కోసమే.

## 1. విషయాన్ని చిన్నది చేయండి

"మన ఊరి చరిత్ర: శాతవాహనుల నుంచి నేటి వరకు" అని కరపత్రం వేశారనుకోండి. పెద్దమనుషులు వస్తారు, శాలువాలు కప్పుతారు, కప్పించుకుంటారు, వెళ్తారు. వెనక బెంచీలో కూర్చున్న ముసలమ్మకు అందులో చెప్పడానికి ఏమీ ఉండదు. అదే "కాలువ మీద పడవలు తిరిగిన రోజులు" అని వేయండి. ఆవిడ పక్కింటావిణ్ని కూడా వెంటబెట్టుకొస్తుంది.

విషయం అనుకోగానే ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి.

- దాని దగ్గరికి నడిచివెళ్లి చూపించగలమా?
- దాన్ని ఎరిగినవాళ్లో, వాళ్ల పిల్లలో ఊళ్లో పదిమందైనా ఉన్నారా?
- కాగితం మీద రెండుచోట్లయినా దాని ఊసు ఉందా?

మూడింటికీ అవునంటేనే మొదటి సభకు తీసుకోండి. రెండో ప్రశ్న దగ్గర చిక్కు వస్తే విషయాన్ని తిప్పి చూడాలి. మాకు దగ్గర్లోనే మోటుపల్లి ఉంది. కాకతి గణపతిదేవుడు సముద్ర వ్యాపారులకు అభయశాసనం వేయించిన రేవు అది. శాసనం 1244 నాటిది, అప్పటి సంగతి గుర్తున్నవాళ్లు ఎక్కడుంటారు? కానీ అందులోని విషయం చూడండి. తుపానుకు ఓడలు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొస్తే వెనకటి రాజులు సరుకంతా లాగేసుకునేవారట. తాను మాత్రం నిర్ణయించిన సుంకమే తీసుకుంటానని గణపతిదేవుడు మాట ఇచ్చాడు. కాబట్టి సభ పేరు "మోటుపల్లి శాసనం" అని కాకుండా "ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకు ఎవరిది?" అని పెట్టండి. వేటకు వెళ్లేవాళ్లకు ఆ సంగతిలో చెప్పడానికి చాలా ఉంటుంది.

## 2. కాగితాలు వెతికే ముందు జిల్లా తేల్చుకోండి

కొత్తవాళ్లు నెలలు పోగొట్టుకునేది ఇక్కడే. ఇప్పటి జిల్లా పేరు పట్టుకుని పాత పుస్తకాలు వెతుకుతారు, ఏమీ దొరకదు, "మా ఊరి గురించి ఎవరూ రాయలేదు" అని తేల్చేస్తారు.

చీరాలనే తీసుకోండి. 2022 నుంచి బాపట్ల జిల్లా. అంతకుముందు ప్రకాశం జిల్లా, అది 1970లో ఒంగోలు జిల్లాగా పుట్టి 1972లో పేరు మార్చుకుంది. 1904 నుంచి 1970 దాకా గుంటూరు జిల్లా. 1904కు ముందు కృష్ణా జిల్లా. అంటే 1883లో గోర్డన్ మెకంజీ రాసిన కృష్ణా జిల్లా మాన్యువల్‌లో (జిల్లా వివరాలన్నీ కూర్చిన పుస్తకం) మా సంగతులు వెతకాలన్నమాట, ఒంగోలు కాగితాల్లో కాదు. మీ ఊరికీ ఇలాంటి వరుస ఒకటి రాసుకుని గోడకు అంటించుకోండి.

ఆ తర్వాత వెతకాల్సినవి, సులువుగా దొరికేవాటితో మొదలుపెట్టి:

- పాత జిల్లా మాన్యువళ్లు, గెజిటీర్లు. చాలావాటి స్కాన్లు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. దొర రాసిన జనాల వర్ణనను కాస్త అనుమానంగా చదవండి. కాలువలు, శిస్తులు, కరువుల లెక్కల దగ్గర మాత్రం బాగా పనికొస్తాయి.
- 1961 జనాభా లెక్కల సంపుటాలు. జిల్లాలవారీగా తిరునాళ్లు, పండుగల మీద ప్రత్యేక సంపుటాలు వేశారు. ఏ ఊళ్లో ఏ జాతర, ఎప్పుడు అన్నది అందులో ఉంటుంది. వీటి సంగతి చాలామందికి తెలియదు.
- శాసన సంపుటాలు. దక్షిణ భారత శాసనాల పదో సంపుటం (1948) నిండా తెలుగు శాసనాలే. మోటుపల్లి శాసనం ఎపిగ్రాఫియా ఇండికా (శాసనాలు అచ్చువేసే పత్రిక) పన్నెండో సంపుటంలో ఉంది.
- కైఫీయతులు. ఊళ్ల వివరాల పత్రాలు. సుమారు రెండొందల ఏళ్ల కిందట కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి రాయించినవి. ఊరు ఎలా పుట్టిందో చెప్పే మొదటి పేజీలను పురాణంగా చదవండి. ఇనాములు (దానమిచ్చిన భూములు), మిరాశీల (వంశపారంపర్య హక్కుల) జాబితా వచ్చేచోట మాత్రం పెన్సిలు తీయండి, గట్టి సరుకు అక్కడ ఉంటుంది.
- రెవెన్యూ రికార్డులు. కోస్తా, సీమల్లో డైగ్లాట్, ఆర్‌ఎస్‌ఆర్ (పాత భూముల రిజిస్టర్లు), ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటాల పుస్తకం). తెలంగాణలో సేత్వార్ (పాత సర్వే రిజిస్టరు), 1954–55 ఖాస్రా పహాణీ (ఊరి భూముల లెక్క). చెరువు విస్తీర్ణం, వాగు దారి, పాత బాట వీటిలో కనిపిస్తాయి.
- పాత పత్రికలు. మాకు వేటపాలెం సారస్వత నికేతనం పక్కనే ఉండటం అదృష్టం. 1918 నుంచి నడుస్తున్న గ్రంథాలయం, పాత పత్రికలు అక్కడ దాచారు. ఇలాంటి చోట్లకు ముందుగా చెప్పి వెళ్లండి. పెన్ను కాకుండా పెన్సిలు పట్టుకెళ్లండి. కాగితం విరిగిపోయే స్థితిలో ఉంటే పేజీ తిప్పమని వాళ్లనే అడగండి.

రెవెన్యూ కాగితాల విషయంలో ఒక జాగ్రత్త. ఇవాళ కోర్టులో నలుగుతున్న సర్వే నంబరును సభలో చదవకండి. చరిత్ర సభ కాస్తా పొలం తగాదా అయిపోతుంది.

## 3. తేదీలను మూడుసార్లు సరిచూడండి

సభలో తప్పు పోయేది ఎక్కువగా తేదీల దగ్గరే. ఈ లెక్కలు ఒక చీటీ మీద రాసుకుని జేబులో ఉంచుకోండి.

- శక సంవత్సరం: 78 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. శక 1166కు 78 కలిపితే 1244. ఉగాదితో ఏడాది మారుతుంది కాబట్టి జనవరి తర్వాత వచ్చే మాఘ, ఫాల్గుణాలకు 79 కలపాలి.
- ఫసలీ (రెవెన్యూ లెక్కల ఏడాది): 590 కలపండి. మద్రాసు ఇలాకాలో ఫసలీ జూలైలో మొదలయ్యేది, కాబట్టి జనవరి నుంచి జూన్ వరకు 591. నిజాం ఇలాకాలో అక్టోబరు ప్రాంతంలో మొదలయ్యేది.
- సంవత్సరం పేరు: అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తుంది. తాటాకు మీద "నందన" అని ఒక్కటే ఉంటే అది 1832–33 కావచ్చు, 1892–93 కావచ్చు, 1952–53 కూడా కావచ్చు. గుంటూరు వైపు డొక్కల కరువు మొదటి నందనలో వచ్చింది. కరువు ప్రస్తావన ఉంది కదా అని అక్కడే ఆగిపోకుండా రాసిన మనిషి ఎప్పటివాడో చూడండి.

మనుషుల జ్ఞాపకానికి ఈ లెక్కలు పనిచేయవు. కాలువ పడవల మీద మేం పెట్టిన సభలో ఒకావిడ, తాను పెళ్లికూతురుగా గూటిపడవ మీద అత్తారింటికొచ్చానని చెప్పింది.

"ఏ ఏడు పెద్దమ్మా?"

"ఏడు నాకేం తెలుసు నాయనా. కొత్త పైసలొచ్చినాక. పడవాయన అణాలొద్దు, పైసలే ఇమ్మన్నాడని మా నాన్న కోప్పడ్డాడు."

కొత్త పైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. పెళ్లి ఆ తర్వాత ఒకటి రెండేళ్లలో జరిగి ఉండాలి. సంవత్సరం అడిగితే ఎవరూ చెప్పలేరు, పక్కన ఏం జరిగిందో అడిగితే అందరూ చెబుతారు. కాబట్టి ఇలాంటి గుర్తుల పట్టీ ముందే తయారుచేసుకోండి. మా పట్టీలో ఉన్నవి: కాకినాడ, విశాఖల మీద బాంబులు పడటం (1942 ఏప్రిల్), గాంధీ పోయిన రోజు (1948 జనవరి 30), ఆంధ్ర రాష్ట్రం రావడం (1953 అక్టోబరు 1), కొత్త పైసలు, జై ఆంధ్ర ఉద్యమం (1972), ఎమర్జెన్సీ (1975), దివిసీమ ఉప్పెన (1977 నవంబరు 19). హైదరాబాద్ వాళ్లయితే పాత కుటుంబాల్లో విన్న 1908 మూసీ వరదను కూడా చేర్చుకోవచ్చు.

## 4. రాయి దగ్గరికి వెళ్లేటప్పుడు

శాసనమో, వీరగల్లో (పోరులో పోయినవాళ్ల గుర్తుగా నిలిపిన రాయి) ఉంటే సభకు ముందు కనీసం రెండుసార్లు వెళ్లిరండి. మిట్టమధ్యాహ్నం వెళ్తే ఒక్క అక్షరం కనపడదు. పొద్దున ఏడింటికో, సాయంత్రం ఐదింటికో వెళ్లండి, ఏటవాలు ఎండలో గీతలు లేస్తాయి. ఇంకా మంచిది చీకటిపడ్డాక వెళ్లడం. ఒకరు ఫోను టార్చిని రాతికి దాదాపు ఆనించి పక్కనుంచి వెలుగు వేయాలి, ఇంకొకరు ఎదురుగా నిలబడి ఫొటో తీయాలి. తర్వాత టార్చిని ఎడమనుంచి కుడికి, పైనుంచి కిందకి మార్చి మళ్లీ తీయండి. ఒక వెలుగులో గీతలా కనిపించింది ఇంకో వెలుగులో దీర్ఘమని తేలుతుంది.

చేయకూడనివి:

- అక్షరాల్లో సుద్ద, పిండి, పసుపు నింపడం.
- ఇనుప బ్రష్షుతోనో, యాసిడ్‌తోనో రుద్దడం. సున్నం పొర ఉంటే ఉండనివ్వండి.
- అనుమతి లేకుండా సిరా అద్ది కాగితం మీద అచ్చు తీయడం. అది పురావస్తుశాఖలో శాసనాలు చూసేవాళ్ల పని.
- రాయిని "భద్రంగా ఉంటుంది" అని ఇంకోచోటికి మార్చడం. చోటు పోతే సగం సమాచారం పోయినట్టే.

చదవలేకపోతే ఊహించి చదవకండి. శాసనం చదవగలిగినవాళ్లకు ఫొటోలు పంపి, వాళ్లు చెప్పిన పాఠాన్ని అచ్చైన పాఠంతో పోల్చుకోండి.

## 5. ఒక వక్త కాదు, ఇద్దరు

కాగితం చదివినవాళ్లు ఒకరు, చేత్తో పనిచేసినవాళ్లు ఒకరు. కాలువ సభకు ఒక రిటైర్డు లెక్చరర్‌నీ, కాలువ మీద లస్కరుగా (నీళ్లు, తలుపులు చూసుకునే పని) చేసిన ఒక పెద్దాయన్నీ కూర్చోబెట్టాం. లెక్చరర్‌గారు 1876–78 కరువులో కూలిపనిగా మద్రాసులో అడయారు, కూవం నదుల మధ్య ముక్క తవ్వించడం, అప్పటి గవర్నరు పేరు మీద బకింగ్‌హామ్ కాలువ అనడం, పెదగంజాం దగ్గర అది కొమ్మమూరు కాలువతో కలవడం చెప్పారు. లస్కరు తాత లేచి లాకుల (నీటిమట్టం మార్చే రెండు తలుపుల గది) దగ్గర పడవను ఎలా దింపేవారో చేతులతో చూపించాడు. పై తలుపు మూయడం, కింది తలుపు సందు తీయడం, నీళ్లు సమానమయ్యేదాకా పడవాళ్లు బీడీలు కాల్చుకోవడం. జనం ఫోన్లు జేబుల్లో పెట్టేసింది అప్పుడే.

వక్తకు ముందే చెప్పాల్సినవి:

- మాట్లాడేది 30 నిమిషాలు. 25 దాటగానే చీటీ ఇస్తాం.
- తెర మీద రాత వద్దు. ఎనిమిది నుంచి పది బొమ్మలు చాలు.
- "అని అంటారు", "అని రాసి ఉంది", "నేను చూశాను" అనే మూడు మాటల్ని కలపకూడదు.
- వారం ముందు ఒక పేజీ సారాంశం ఇవ్వాలి. దాన్ని ఇంకొకరు చదివి తేదీలు సరిచూస్తారు.
- దారిఖర్చు ఇస్తాం. ఇస్తామంటే ఇవ్వాలి, శాలువా దానికి బదులు కాదు.

ఆ ఒక పేజీ సారాంశం మాకు చాలాసార్లు పరువు దక్కించింది. మా వైపు ఏ కాలువైనా "కాటన్ దొర తవ్వించాడు" అనేస్తారు. కృష్ణా ఆనకట్టకు కాటన్ సిఫారసు చేసిన మాట నిజం. 1852–55 మధ్య దగ్గరుండి కట్టించింది మాత్రం చార్లెస్ ఓర్. వక్త కూడా అలవాటుకొద్దీ కాటన్ అనే రాసిచ్చారు, వారం ముందే దొరికింది కాబట్టి సరిపోయింది.

## 6. చోటు, రోజు, మైకు

గుడి మండపం ఉచితంగా దొరుకుతుంది. కానీ అక్కడికి రావడానికి సంకోచించేవాళ్లెవరో ఒక్క నిమిషం ఆలోచించండి. కమ్యూనిటీ హాలుకైనా అదే ప్రశ్న. నా ఓటు బడి వరండాకో, గ్రంథాలయానికో. వాటికి చెప్పులు విప్పే పని కూడా లేదు.

రోజును ఊరి పనిని బట్టి పెట్టుకోండి. ఆదివారం అందరికీ సెలవు కాదు. మా వైపు మగ్గాలవాళ్లు చాలామంది అమావాస్యనాడు మగ్గం ఆపుతారు, నేతకు సంబంధించిన సభ ఆరోజే పెట్టాలి. నాట్లు, కోతలు, పెళ్లి ముహూర్తాలు, పదో తరగతి పరీక్షలు తప్పించండి. సాయంత్రం ఐదున్నరకు మొదలుపెడితే ఎనిమిదిలోపు అయిపోతుంది.

వేదిక మీద ఒక స్టాండు మైకు, జనంలో తిరగడానికి ఒక చేతి మైకు. రెండోది లేకపోతే సభ వాయిదా వేసినా తప్పులేదంటాను. ముసలివాళ్లను "వేదిక మీదకొచ్చి చెప్పండి" అంటే రారు. మైకే వాళ్ల కుర్చీ దగ్గరికి వెళ్లాలి.

ముందురోజు చూసుకోవాల్సినవి:

- మైకు సెట్టు, అదనపు బ్యాటరీలు, కరెంటు పోతే ఏం చేయాలో
- చేతులున్న కుర్చీలు పదిహేనైనా (కింద కూర్చోలేనివాళ్లకు)
- పాత పటం పెద్దగా ప్రింటు తీసి గోడకు, పక్కన స్కెచ్ పెన్నులు
- ఫొటోలు తీయడానికి కిటికీ పక్కన ఒక బల్ల, మీద తెల్లగుడ్డ
- పేరు, వీధి, "నాకు తెలిసిన సంగతి" అని మూడు గళ్లున్న చీటీలు
- మంచినీళ్లు, టీ. ఆఖరి బస్సు ఎన్నింటికో

ఆఖరి బస్సు సంగతి ఊరికే రాయలేదు. మా మొదటి సభలో జ్యోతి వెలిగించడం, అయిదుగురు అతిథులు, ఒక్కొక్కరి పరిచయం, శాలువాలు కలిపి యాభై నిమిషాలు మింగేశాయి. పడవ తోలిన పెద్దాయన ఒకాయన పక్కూరి నుంచి పనిగట్టుకుని వచ్చాడు. ప్రశ్నల సమయం వచ్చేసరికి బస్సుకు టైమైందని లేచి వెళ్లిపోయాడు. తర్వాత వాళ్లింటికి వెళ్దామనుకుంటూనే ఉన్నాం, ఈలోపే ఆయన పోయాడు. అప్పట్నుంచి మా సభల్లో వేదిక మీద అతిథులు లేరు.

## 7. సాయంత్రం నడిచే వరుస

1. 5:30. పటం దగ్గర గుమిగూడటం. వచ్చినవాళ్లను తమ ఇల్లు ఎక్కడో గుర్తుపెట్టమనండి. మాటలు అక్కడే మొదలవుతాయి.
2. 5:45. రెండు నిమిషాల స్వాగతం. అంతే.
3. 5:50. కాగితం చదివిన వక్త.
4. 6:20. పనిచేసిన మనిషి, పదిహేను నిమిషాలు. తడబడితే ప్రశ్నలు వేసి నడిపించడానికి ఒకరు పక్కన ఉండాలి.
5. 6:35. టీ. సభ మధ్యలోనే ఇవ్వండి, చివర్లో ఇస్తే తాగి వెళ్లిపోతారు. మైకు ముందు మాట్లాడనివాళ్లు టీ దగ్గర మాట్లాడతారు, ఇద్దరు వాలంటీర్లు చెవులు అక్కడే ఉంచాలి.
6. 6:50. జనం వంతు. ఏడు యాభై దాకా.

జనం వంతులో మొదటి మాట ఎవరిదో ముందే అనుకుని ఉంచండి, ఆడవాళ్లలో ఒకరైతే మరీ మంచిది. మొదట ఊరి పెద్ద మాట్లాడితే తర్వాతివాళ్లంతా ఆయన చెప్పినదాన్నే ఇంకోలా చెబుతారు.

"ఏమైనా ప్రశ్నలున్నాయా?" అని అడక్కండి. "పడవ ఎక్కినవాళ్లు చేతులెత్తండి" అనండి.

## 8. మాట తగాదా వైపు వెళ్తే

కొన్ని విషయాలు తేనెతుట్టెలు. 1921లో చీరాల–పేరాల జనం మునిసిపాలిటీ పన్నులు కట్టబోమని ఇళ్లొదిలి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట రామ్‌నగర్ పాకల్లో నెలల తరబడి ఉన్నారు. ఈ మాట వినగానే అందరూ చప్పట్లు కొడతారు. ఎవరి తాత వెళ్లాడు, ఎవరి తాత వెళ్లలేదు అన్నదాకా వస్తే కుర్చీలు జరుగుతాయి.

- "మా కులంవాళ్లు లేకపోతే ఈ ఊరే లేదు": "ఆనాటి కాగితమో, వస్తువో మీ దగ్గరుంటే తెస్తారా? ఫొటో తీసుకుంటాం" అనండి. చాలాసార్లు మాట అక్కడితో ఆగుతుంది. ఒక్కోసారి నిజంగానే తెస్తారు, అదింకా మంచిది.
- ఇద్దరు రెండు రకాలుగా చెబితే: తీర్పు చెప్పకండి. రెండూ రాసుకుంటున్నామని పైకి అని, అందరూ చూస్తుండగా రాసుకోండి.
- బతికున్నవాళ్ల మీద ఆరోపణ వస్తే: వెంటనే మైకు తీసుకోండి. ఇక్కడ మొహమాటం పనికిరాదు.
- ఒకాయన పావుగంటైనా వదలకపోతే: చేతి మైకు పట్టుకునేది మీ వాలంటీరే అయి ఉండాలి, మైకును చేతికివ్వకూడదు. ఈ ఒక్క నియమంతో సగం తలనొప్పి తగ్గింది.

## 9. ఇచ్చినదాన్ని జాగ్రత్త చేయడం

రికార్డింగు రెండు ఫోన్లలో చేయండి. ఒకటి స్పీకరు దగ్గర కాకుండా మాట్లాడేవాళ్ల దగ్గర ఉండాలి. మొదలుపెట్టే ముందు "రికార్డు చేస్తున్నాం, వద్దన్నవాళ్ల మాట తీసేస్తాం" అని మైకులోనే చెప్పండి.

పాత ఫొటోలు, దస్తావేజులు ఎవరు తెచ్చినా ఇంటికి పట్టుకెళ్లకండి, అక్కడే బల్ల మీద ఫొటో తీసి చేతికిచ్చేయండి. "రేపిస్తాం" అని తీసుకుని పోగొట్టినవాళ్ల కథలు ప్రతి ఊళ్లో ఉన్నాయి, అందుకే జనం బీరువా తీయరు. ఫొటో వెనకవైపు కూడా తీయాలి. స్టూడియో ముద్ర, పేర్లు, ఒక్కోసారి తేదీ అక్కడే ఉంటాయి. ఫ్రేములో ఉన్నదాన్ని విప్పొద్దు, ఫ్లాష్ వాడొద్దు.

ఫైలుకు పేరు పెట్టేటప్పుడు ఒకే పద్ధతి: సభ తేదీ, ఇచ్చినవారి పేరు, వరుస సంఖ్య. ఆ రాత్రే పెట్టండి. వారం ఆగితే ఏది ఎవరిదో తెలియదు.

## 10. తర్వాతి పదిహేను రోజులు

- మూడు రోజుల్లోపు: రికార్డింగు విని, ఎవరు ఏ నిమిషంలో ఏం చెప్పారో ఒక పేజీ రాయండి. మొత్తం ఎత్తి రాయాలని కూర్చుంటే ఎప్పటికీ కాదు.
- వారంలోపు: బాగా చెప్పిన ముగ్గురి ఇళ్లకు వెళ్లండి. సభలో చెప్పినదానికి రెండింతలు ఇంట్లో చెబుతారు. కోడళ్లు, మనవలు పక్కనుంటే ఇంకా చెబుతారు.
- పదిహేను రోజుల్లోపు: ఫొటోలు ఇచ్చినవాళ్లకు ఒక్కో ప్రింటు తీసి చేతికివ్వండి. రికార్డింగు, సారాంశాల ప్రతి ఒకటి గ్రంథాలయంలో ఇవ్వండి.
- చీటీలన్నీ ఒకచోట పరిచి చదవండి. తర్వాతి సభ విషయం వాటిలోనే ఉంటుంది.

కాలువ సభ చీటీల్లో "పడవల్లో ఏం మోసేవారు?" అన్నదానికి మేం బియ్యం, కలప, పొగాకు వస్తాయనుకున్నాం. పదకొండు చీటీల్లో ఉప్పు అని ఉంది. ఉప్పు కొఠార్ల మీద సభ పెట్టింది అందుకే.